గాల్లో ఇరవై గంటలు... నేల మీద పదహారు!

పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులకు ఆదోనిలోనైనా, ఎమ్మిగనూరులోనైనా తప్పని ప్రశ్న ఒకటుంది. 'ఏమప్పా, మీవాడుండే ఊరు ఇక్కడికి ఎంత దూరం?'

ఇంటి పెద్దాయన '14 వేల కిలోమీటర్ల పైనే' అంటాడు. డిగ్రీ చదివే మనవడు కంప్యూటర్‌లో చూసి 'పదహారు గంటలు' అంటాడు. ఒకసారి వెళ్లొచ్చిన పెద్దావిడ మాత్రం మోకాళ్లు పట్టుకుని 'రెండు రోజులు నాయనా' అంటుంది. ముగ్గురూ నిజమే చెబుతున్నారు. పెద్దాయన చెప్పింది దూరం. మనవడు చెప్పింది భాగహారం. పెద్దావిడ చెప్పింది ప్రయాణం. ఈ మూడింటికీ మధ్య ఉన్న తేడా తెలియకపోతే మామూలు రోజుల్లో పెద్దగా నష్టం లేదు. కానీ ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకనాడు ఆ తేడాతో పని పడుతుంది. అప్పుడు లెక్కలు నేర్చుకునే తీరిక ఉండదు. అందుకే ఇప్పుడే చూద్దాం.

దారంతో కొలవండి

రెండు ఊళ్ల మధ్య గగనమార్గం దూరం ఎలా కొలుస్తారు? బడిలో ఉండే గ్లోబు తీసుకోండి. హైదరాబాద్ మీద దారం ఒక కొస, అమెరికాలోని డాలస్ మీద ఇంకో కొస పెట్టి బిగువుగా లాగండి. ఆ దారం ఎటు పోయిందో చూడండి. గోడ మీది మ్యాపులో అయితే అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ సముద్రం దాటుకుంటూ పడమరకు పోవాలి. గ్లోబు మీద దారం మాత్రం నేరుగా పైకి, అంటే ఉత్తరానికి పోతుంది. ఉత్తర ధ్రువానికి దగ్గరగా వెళ్లి అటువైపు దిగుతుంది. గుండ్రటి భూమిని బల్లపరుపు కాగితం మీద పరిచేటప్పుడు ధ్రువాల వైపు బాగా సాగిపోతుంది కాబట్టి మ్యాపు మనల్ని అలా మభ్యపెడుతుంది.

దారం లెక్క ప్రకారం హైదరాబాద్-డాలస్ దూరం సుమారు 14,400 కిలోమీటర్లు. పెద్ద జెట్ విమానం గంటకు దాదాపు 900 కిలోమీటర్లు పోతుంది. భాగించండి. సరిగ్గా పదహారు గంటలు. మనవడి లెక్క ఇదే.

ధ్రువం మీదుగా పోవడం కట్టుకథేం కాదు. 2021 జనవరిలో ఎయిరిండియా శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు నేరుగా విమానం నడిపింది. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో కాక్‌పిట్‌లో అందరూ మహిళలే. ఉత్తర ధ్రువం మీదుగా సాగిన ఆ ప్రయాణానికి దాదాపు 17 గంటలు పట్టింది. ఆ రెండు ఊళ్ల మధ్య దారం దూరం 14 వేల కిలోమీటర్లే. విమానం తిరిగింది మాత్రం 16 వేల దాకా!

మరి ఆ రెండు వేలు ఎక్కడ పెరిగాయి?

గాలికీ, సరిహద్దుకీ లొంగాలి

ఆకాశంలో అడ్డు గోడలు లేవనుకుంటాం. ఉన్నాయి. ఒకటి గాలి. భూమికి పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు బలమైన గాలుల ప్రవాహం ఒకటి సాగుతుంటుంది. దాన్ని జెట్ స్ట్రీమ్ అంటారు. గంటకు రెండొందల కిలోమీటర్ల వేగం దానికి మామూలే. ఏటికి ఎదురీదేవాడికీ, ఏటి వాలున పోయేవాడికీ ఎంత తేడానో విమానానికీ అంతే. అందుకే హైదరాబాద్ నుంచి లండన్‌కు ఉన్న 7,750 కిలోమీటర్లు వెళ్లేటప్పటి కంటే వచ్చేటప్పుడు దాదాపు గంట ముందే అయిపోతాయి. దగ్గర్లోని దుబాయ్‌కి కూడా పోయేటప్పుడు నాలుగు గంటలైతే, వచ్చేటప్పుడు మూడున్నరే.

ఇక్కడ చాలామందికి ఒక అనుమానం. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది కదా, పైన ఎగిరే విమానం పడమరకు పోతుంటే కింద ఊరే ఎదురొచ్చి ఇంకా తొందరగా చేరాలి కదా? కాదు. భూమితోపాటు గాలి కూడా తిరుగుతోంది, ఆ గాలిలోని విమానమూ తిరుగుతోంది. రైలు పెట్టెలో ఎగిరే ఈగను చూడండి. రైలు ముందుకు పరుగెడుతున్నా ఈగ వెనక గోడకు కొట్టుకోదు. ఇదీ అంతే.

రెండో అడ్డు సరిహద్దు. నేల ఎవరిదో దాని మీది ఆకాశమూ వాళ్లదే. 2019 ఫిబ్రవరి చివర్లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మూసేసింది. జూలై మధ్య వరకు పూర్తిగా తెరవలేదు. ఆ నెలల్లో ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే ఎయిరిండియా విమానాలు కొన్ని చుట్టు తిరిగి, ఆస్ట్రియాలోని వియన్నాలో దిగి ఇంధనం నింపుకుని పోవలసి వచ్చింది. 2025 ఏప్రిల్‌లో మన విమానాలకు మళ్లీ అదే కథ ఎదురైంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా తన ఆకాశాన్ని అమెరికా, యూరప్ విమాన సంస్థలకు మూసింది. దారం మారలేదు, దారి మారింది.

మూడోది మన ఊళ్లో అందరికీ తెలిసిందే. నేరుగా పోయే బండి లేకపోతే ఎక్కడో మారాలి. గుంతకల్లులో రైలు మారినట్టు దుబాయ్‌లోనో, దోహాలోనో విమానం మారాలి. దుబాయ్ మీదుగా డాలస్ పోతే దూరం 15,500 కిలోమీటర్లకు చేరుతుంది. అంటే వెయ్యి కిలోమీటర్లు పెరిగింది. విమానానికి అదేమంత పెద్ద లెక్క కాదు, గంటా పది నిమిషాల పని. అసలు కాలం తినేది వేరే ఉంది.

తేదీ మారదు, రోజు గడిచిపోతుంది

టికెట్టు చూసి మోసపోవడం ఇక్కడే మొదలవుతుంది. వేసవిలో హైదరాబాద్‌లో తెల్లవారుజామున నాలుగింటికి విమానం ఎక్కారనుకోండి. దుబాయ్‌కి నాలుగు గంటలు. అక్కడ నాలుగు గంటల పడిగాపులు. ఆపైన డాలస్‌కు పదహారు గంటలు. మొత్తం ఇరవై నాలుగు. డాలస్‌లో దిగి గోడ గడియారం చూస్తే సాయంత్రం అయిదున్నర. తేదీ కూడా అదే! 'పొద్దున బయల్దేరి సాయంత్రానికి చేరిపోయాడు' అని ఇంటి దగ్గర సంబరపడతారు. మిగతా పదిన్నర గంటలు ఏమయ్యాయి? ఎక్కడికీ పోలేదు. మన గడియారం కంటే వాళ్లది వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. వెళ్లేటప్పుడు దాచిపెట్టిన ఆ గంటలను తిరుగు ప్రయాణంలో వడ్డీ లేకుండా వసూలు చేస్తారు.

ఇప్పుడు ఎమ్మిగనూరు ఇంటి గడప నుంచి డాలస్ ఇంటి గడప దాకా లెక్కేద్దాం. శంషాబాద్‌కు కారులో ఆరు గంటలు. మూడు గంటలు ముందే విమానాశ్రయంలో ఉండాలి. దుబాయ్‌కి నాలుగు. అక్కడ నాలుగు. డాలస్‌కు పదహారు. దిగాక పాస్‌పోర్టు తనిఖీలు, సామాన్లకు రెండు. అబ్బాయి ఇంటికి ఒకటి. మొత్తం ముప్ఫై ఆరు గంటలు! ఇందులో గాల్లో ఉన్నది ఇరవై. నేల మీద ఉన్నది పదహారు. పెద్దావిడ రెండు రోజులు అన్నదంటే ఊరికే అనలేదు.

పావుగంటకు ఆరు గంటలు

ఈ లెక్కలో మన ప్రాంతం వాళ్లకు ప్రత్యేకంగా పడే వాటా ఒకటుంది. ఆదోని నుంచి శంషాబాద్ విమానాశ్రయం గగనమార్గంలో 215 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. జెట్ విమానానికి పావుగంట పని. మనకు ఎమ్మిగనూరు, కర్నూలు దాటుకుని పోవాలంటే మూడొందల కిలోమీటర్లకు దగ్గర, ఆరు గంటలు. బెంగళూరు పోదామన్నా అంతే దూరం. ఎటు చూసినా సమానమే, ఎటూ దగ్గర కాదు.

అయినా ఒక మేలు జరిగింది. 2008లో హైదరాబాద్ విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారింది. అదే ఏడాది బెంగళూరుది దేవనహళ్లి దగ్గరికి మారింది. నగరాల్లో ఉండేవాళ్లు 'అబ్బో, అంత దూరమా' అని గొణుక్కున్నారు. కానీ పటం చూడండి. శంషాబాద్ హైదరాబాద్‌కు దక్షిణాన, కర్నూలు రోడ్డు వైపు. దేవనహళ్లి బెంగళూరుకు ఉత్తరాన, అనంతపురం రోడ్డు వైపు. రెండూ జరిగింది మన దిక్కుకే! నగరం ట్రాఫిక్‌లో పడకుండానే విమానం ఎక్కే వీలు మనకు అప్పుడే దొరికింది. అమెరికా కాన్సులేట్ కూడా హైదరాబాద్‌లో 2008లోనే తెరిచారు. అంతకుముందు వీసా కోసం మద్రాసు రైలెక్కిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి.

తర్వాత 2021 మార్చి 28న కర్నూలు దగ్గరి ఓర్వకల్లు నుంచి విమానాలు మొదలయ్యాయి. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టిన ఆ విమానాశ్రయం నుంచి మొదట బెంగళూరు, విశాఖ, చెన్నైలకు నడిపారు. 2025 జూలైలో విజయవాడకూ మొదలైంది. విశాఖ వెళ్లేవారికి ఇది వరం. బస్సులోనో రైల్లోనో రాత్రంతా, కొన్నిసార్లు మర్నాడు మధ్యాహ్నం దాకా సాగే ప్రయాణం రెండు గంటల లోపుకు తగ్గింది. అయితే ఆదోని వాళ్లు ఓర్వకల్లు చేరాలంటే కర్నూలు దాటి ఇంకో ఇరవై కిలోమీటర్లు, మొత్తం 120 దాకా పోవాలి. బెంగళూరుకు విమానం గంటే. కానీ ఇంటి నుంచి మూడు గంటలు, ముందుగా వెళ్లి కూర్చోవడం గంటన్నర కలిపితే, ఆదోని స్టేషన్‌లో రైలెక్కి నిద్రపోయినవాడికీ మనకూ ఒరిగే తేడా అంతంతమాత్రం.

చరిత్రలో బళ్లారి మజిలీ

మన సీమకు విమానం కొత్తదేమీ కాదు. 1932 అక్టోబర్ 15న జె.ఆర్.డి. టాటా చిన్న విమానంలో తపాలా సంచులు వేసుకుని కరాచీ నుంచి బొంబాయికి స్వయంగా నడుపుకుంటూ వచ్చారు. మన దేశ పౌర విమానయానానికి అదే తొలి అడుగు అంటారు. బొంబాయిలో ఆ సంచులు అందుకుని నెవిల్ విన్సెంట్ అనే పైలట్ మద్రాసుకు ఎగిరారు. ఆ దారిలో మజిలీ ఎక్కడో తెలుసా? బళ్లారి! అప్పట్లో ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోదే. ఎమ్మిగనూరు ఆ తాలూకాలో ఊరు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడే ఈ ప్రాంతం ఇటు వచ్చింది. అంటే టాటాల మొదటి విమాన తపాలా దిగిన ఊళ్లలో ఒకటి మన సొంత జిల్లా కేంద్రమే.

ఆ రోజుల్లో లండన్ నుంచి కరాచీకి తపాలా విమానంలో వారం పట్టేది. ఇంపీరియల్ ఎయిర్‌వేస్ 1929లో ఆ దారి తెరిచింది. మజిలీలు మజిలీలుగా, రాత్రిళ్లు ఆగుతూ వచ్చేది. ఓడలో అయితే వారాల మాట. ఇప్పుడు లండన్ పది గంటలు. కానీ ఒక్క సంగతి గమనించండి. వారం పది గంటలైంది కానీ, ఆదోని నుంచి హైదరాబాద్ అంత తగ్గలేదు. 1871లో మద్రాసు, బొంబాయి రైలు దార్లు రాయచూరులో కలిసినప్పుడే ఆదోనికి రైలొచ్చింది. ఎమ్మిగనూరుకు స్టేషన్ ఇంకా లేదు. ఆకాశం చిన్నదైనంత వేగంగా నేల చిన్నది కాలేదు.

మన పెద్దవాళ్లు దూరాన్ని కాలంతోనే చెప్పేవారు. 'పూట నడక', 'బండి మీద రాత్రి ప్రయాణం' అనేవారు. ఇప్పటికీ కోసిగి, పెద్దకడబూరు వైపు నుంచి సుగ్గికి గుంటూరు మిరప చేలకు పోయే కూలీలను ఎంత దూరమని అడగండి. కిలోమీటర్లు చెప్పరు. 'రాత్రంతా పోవాల' అంటారు. సామాను, చంటిబిడ్డలతో బండెక్కి తెల్లారేదాకా కుదుపులు పడినవారికి అదే అసలు కొలత.

నలభై నాలుగు గంటలు

ఇక మొదట చెప్పిన అవసరం సంగతి.

ఎమ్మిగనూరులో శనివారం ఉదయం ఎనిమిదింటికి ఇంటి పెద్ద కన్నుమూశాడనుకుందాం. డాలస్‌లో కొడుక్కి అది శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నర. అతడు రాత్రికి రాత్రే టికెట్టు సంపాదించి శనివారం మధ్యాహ్నం పన్నెండుకు విమానం ఎక్కగలిగాడు. అదృష్టం బాగుందనే అనాలి. దుబాయ్‌కి పదిహేను గంటలు, అక్కడ నాలుగు, హైదరాబాద్‌కు మూడున్నర. శంషాబాద్‌లో దిగేసరికి మన ఆదివారం రాత్రి తొమ్మిది. బయటికి రావడానికి గంటన్నర, కారులో ఆరు గంటలు. గడప తొక్కేసరికి సోమవారం తెల్లవారుజాము నాలుగున్నర. కబురు అందినప్పటి నుంచి నలభై నాలుగున్నర గంటలు! ఎక్కడా ఆలస్యం కాకుండా, అన్నీ కలిసొస్తేనే.

ఇంటి దగ్గర జరిగేది ఏమిటంటే, ఎవరో ఫోన్‌లో చూసి 'పదహారు గంటలేనంట, రేపు పొద్దుటికల్లా వచ్చేస్తాడు' అంటారు. బంధువులు వచ్చేస్తారు. ఫ్రీజర్ బాక్సు తెస్తారు. ఆదివారం పొద్దుటికి కొడుకు రాడు, మధ్యాహ్నానికీ రాడు. ఎండకు, ఏడుపుకు, ఆకలికి అందరూ అలసిపోతారు. 'ఇంకా ఎంతసేపు?' అని ఒకరు, 'కన్నకొడుక్కి తీరిక లేదా?' అని ఇంకొకరు. ఆ మాట ఎవరి నోటి నుంచో జారి, చివరికి కొడుకు చెవిన పడుతుంది. అతడు జీవితాంతం మోస్తాడు. తప్పు అతడిదీ కాదు, అన్నవారిదీ కాదు. లెక్కది.

ఆదోనిలో ఎన్నో ముస్లిం కుటుంబాలున్నాయి. వాళ్ల ఆచారం ప్రకారం ఖననం ఎంత తొందరగా అయితే అంత మంచిది. కొడుకు పక్కనే దుబాయ్‌లో ఉన్నా, వెంటనే సీటు దొరికినా, పని చేసే చోటు నుంచి ఇంటికి పద్నాలుగు గంటలకు తక్కువ పట్టదు. మూడున్నర గంటల విమానం అతడికి తండ్రి ముఖం చూపించలేకపోవచ్చు.

కిలోమీటర్లకు అందని దూరం ఇంకొకటుంది. వీసా. అమెరికాలో హెచ్1బీ మీద పనిచేసేవారిలో చాలామందికి పాస్‌పోర్టులోని వీసా ముద్ర గడువు దాటి ఉంటుంది. అక్కడ ఉన్నంతకాలం ఉద్యోగం చేసుకోవచ్చు. ఒకసారి బయటికి వస్తే మాత్రం కొత్త ముద్ర పడితే తప్ప తిరిగి వెళ్లలేరు. ఆ ఒక్క భయంతో ఆగిపోయినవారున్నారు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారికి ఓసీఐ కార్డు చేతిలో లేకపోతే రావడానికే వీసా కావాలి.

అందుకని ముందే చేయదగ్గ పనులు కొన్నున్నాయి. పిల్లలు పాస్‌పోర్టు, వీసా, ఓసీఐ గడువులు ఏడాదికోసారైనా చూసుకోవాలి. ఏ విమానాశ్రయంలో దిగితే ఇంటికి దగ్గరో, అక్కడ కారు ఎవరు తెస్తారో అనుకుని ఉండాలి. ఇంటి దగ్గర ఒకరు, బావమరిదో, పెదనాన్న కొడుకో, ఆ కబుర్లు చూసే బాధ్యత తీసుకోవాలి. అబ్బాయి ఫలానా రోజు ఫలానా వేళకు చేరతాడని వచ్చినవారందరికీ ఆయనే చెప్పాలి. విమానం దిగే వేళ చెప్పకూడదు. గడప తొక్కే వేళ చెప్పాలి. ఈ రెండింటికీ మధ్య మన ఊళ్లకు ఎప్పుడూ ఏడెనిమిది గంటల తేడా ఉంటుంది.

అన్నిటికంటే ముఖ్యమైన పని పెద్దవాళ్లది. ఆరోగ్యంగా ఉన్నప్పుడే, భోజనాల దగ్గరో ఫోన్ మాటల మధ్యనో ఒక్క మాట చెప్పేయండి. 'నువ్వు వేళకు అందకపోతే నీ తమ్ముడు చేస్తాడు, నువ్వు పదకొండో రోజుకు రా నాయనా' అని. అశుభం అనుకోకండి. రెండు సముద్రాల అవతల ఉన్న బిడ్డ గుండె మీది బరువు దించే మాట అది. 14,400 కిలోమీటర్లను ఏ విమానమూ తగ్గించలేదు. ఈ మాట మాత్రం తగ్గిస్తుంది.